ఎస్కిల్‌స్తూనా కత్తులు

2008 జూన్ నెలలో ఒక ఆదివారం ఉదయం, స్వీడన్‌లోని ఎస్కిల్‌స్తూనా పట్టణంలో జరిగిన పాతసామాన్ల సంతలో, పింగాణీ కప్పులకూ ఇత్తడి కొవ్వొత్తి స్తంభాలకూ మధ్య పడివున్న ఒక గడ్డం కత్తిని 60 క్రోనార్లకు కొన్నాను. పిడి నల్లగా, చేతికి నునుపుగా ఉంది కానీ, అలుగు సగం దాకా తుప్పు పట్టి ఎండిన కరక్కాయ రంగుకు తిరిగింది. మెడ దగ్గరి తుప్పును బొటనవేలితో రుద్దగా రుద్దగా తయారుచేసిన కంపెనీ పేరు ‘సి.వి. హెల్యెస్ట్రాండ్’ అనీ, దాని కింద ‘ఎస్కిల్‌స్తూనా’ అనీ అక్షరాలు ఒకటొకటిగా పైకి తేలాయి. వెనక్కి తిప్పి చూస్తే ‘ఎం.కె. 32’ అన్న గుర్తు కనిపించింది. ఏ ఊళ్ళో కొలిమి చూసిందో ఆ ఊరి సంతలోనే ఆ కత్తి నా చేతికి వచ్చిందన్న సంగతి అప్పటికి నాకు తట్టలేదు. నేను దానిని కొనడానికి కారణం వేరే ఉంది.

మా ఊరు దివిసీమలో ఉంది. నా చిన్నతనంలో మా తాతగారికి గడ్డం గీయడానికి ఒక పెద్దాయన మంగళవారాలు, శుక్రవారాలు వదిలి వారానికి రెండుసార్లు తోలు పొది చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చేవాడు. ఊళ్ళో పెళ్ళిళ్ళకు సన్నాయి వాయించేది కూడా ఆయనే. తాతగారిని అరుగు మీద కూర్చోబెట్టి, ఆయన ఎదుట గొంతుక్కూర్చుని, పొదిలోంచి కత్తి తీసి, ఎడమ అరచేతి మీద ఇటూ అటూ పదిసార్లు లాగి, తరువాత దానిని చెవి దగ్గరకు తెచ్చి గోటితో మీటేవాడు. ఎందుకలా చేస్తావని ఒకసారి అడిగితే, “కత్తి పలకాలి బాబూ, పలక్కపోతే అయ్యగారికి రక్తం వస్తుంది” అన్నాడు. గడ్డం మీద కత్తి జారుతున్నప్పుడు వచ్చే ఆ సన్నని గరగర నేను అరుగు చివర స్తంభానికి ఆనుకుని వింటూ ఉండేవాణ్ణి. బడికి వెళ్ళే వయసు దాటాక సేఫ్టీ రేజర్లు వచ్చాయి, సగం బ్లేడు విరిచి పెట్టుకునే కత్తులు వచ్చాయి, ఆ చప్పుడు మా ఇంట్లో మళ్ళీ వినిపించలేదు. ఎస్కిల్‌స్తూనా సంతలో ఆ తుప్పు కత్తిని తెరిచి, ఏమీ ఆలోచించకుండానే చెవి దగ్గరకు తెచ్చుకుని గోటితో మీటాను. తుప్పులోంచి కూడా అది పలికింది.

అప్పటికి నేను ఉద్యోగరీత్యా వెస్తెరోస్‌లో ఉండబట్టి రెండేళ్ళయింది. మేలారెన్ సరస్సుకు ఉత్తరపు ఒడ్డున వెస్తెరోస్ ఉంటే, దక్షిణాన, కారులో ముప్పావుగంట దూరంలో ఎస్కిల్‌స్తూనా ఉంది. మా భవనంలోనే కింది అంతస్తులో ఒక వృద్ధుడు ఉండేవారు. ఆయన ఎస్కిల్‌స్తూనాలో పుట్టి, అక్కడే ఒక పనిముట్ల కార్ఖానాలో సానపట్టే పని చేసి విరమించినవారు. స్వీడన్‌లో చిన్నా పెద్దా తేడా లేకుండా అందరినీ పేరు పెట్టి, ‘దూ’ అని ఏకవచనంలోనే పిలుస్తారు. ఎనభై ఏళ్ళ మనిషిని పేరు పెట్టి పిలవడం నా వల్ల కాలేదు. అందుకని ఆయన అనుమతి తీసుకుని ‘ఫార్‌ఫార్’ అని పిలవడం మొదలుపెట్టాను. ఆ భాషలో అది నాన్న తండ్రిని పిలిచే పిలుపు. మొదట నవ్వారు, తరువాత ఆ పిలుపుకు అలవాటు పడ్డారు.

కత్తి కొన్న వారం రోజులకే నేను దానిని పాడుచేశాను. వంటింటి చాకులకు పదును పెట్టే గరుకు రాయి మీద, చాకును పట్టుకున్నట్టే వెన్ను పైకెత్తి పట్టుకుని అరగంట సేపు నూరాను. అలుగు తెగే అంచు అయిన వాదర మీద కంటికి కనిపించేంత గండ్లు పడ్డాయి. సిగ్గుపడుతూనే ఫార్‌ఫార్ దగ్గరకు తీసుకువెళితే, ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని కత్తిని కిటికీ వెలుగుకు పట్టి చాలాసేపు చూశారు. ఒక్క మాట కూడా అనకుండా లోపలికి వెళ్ళి, గుడ్డలో చుట్టిన ఒక సానరాయి తెచ్చి బల్ల మీద పెట్టారు. అరచేయంత పొడవు, పైన లేత పసుపు, కింద నల్లని ఊదా, రెండు పొరలుగా ఉన్న రాయి అది. బెల్జియంలో, ఆర్డెన్ కొండల ప్రాంతంలో దొరికే ‘కోతికూల్’ రాయి అని చెప్పారు. ఆ పసుపు పొరలో కంటికి ఆనని గోమేధికపు రేణువులు కిక్కిరిసి ఉంటాయి. ఉక్కును మెల్లగా, గీతలు పడకుండా కోసేవి ఆ రేణువులే.

గడ్డం కత్తిని నూరేటప్పుడు వెన్నూ వాదరా రెండూ ఒకేసారి రాయిని తాకి ఉండాలి. వెన్ను ఎంత మందం ఉండాలో, అలుగు ఎంత వెడల్పు ఉండాలో చేసినవాడే లెక్క కట్టి చేశాడు కనుక, రెండింటినీ రాయి మీద పరుచుకునేలా ఆనిస్తే వాదరకు రావలసిన కోణం దానంతట అదే వస్తుంది. మనిషి చేయవలసిందల్లా ఆ లెక్కను చెడగొట్టకుండా ఉండడం. నూరేటప్పుడు వాదర ముందుకు నడవాలి, తోలు పట్టీ మీద సాగదీసేటప్పుడు వెన్ను ముందుకు నడవాలి. తోలు మీద తిప్పేటప్పుడు ఎప్పుడూ వెన్ను మీదుగానే పొర్లించాలి, వాదర మీదుగా పొర్లిస్తే తోలూ పోతుంది, పదునూ పోతుంది. ఈ మూడు మాటలు ఫార్‌ఫార్ ఆ రోజు చెప్పలేదు, చేసి చూపించారు. నేను గండ్లు పెట్టిన కత్తిని దారికి తేవడానికి ఆయనకు మూడు సాయంత్రాలు పట్టింది. మూడో సాయంత్రం నా తలలోంచి ఒక వెంట్రుక పీకి, ఒక కొసన పట్టుకుని, రెండో కొసను వాదర మీదికి మెల్లగా దించారు. అది చప్పుడు లేకుండా తెగి బల్ల మీద పడింది.

ఆ రాయికీ స్వీడన్ ఉక్కుకూ ఉన్న చుట్టరికం నాకు తరువాత తెలిసింది. 17వ శతాబ్దంలో లూయీ ద యేర్ అనే వ్యాపారి, నేటి బెల్జియంలోని వాలోనియా నుంచి ఇనుము కరిగించే పనివారిని కుటుంబాలతో సహా స్వీడన్‌కు రప్పించాడు. వాళ్ళు ఉప్‌లాండ్ ప్రాంతంలో దన్నెమూరా గని చుట్టూ స్థిరపడి, బొగ్గుల కొలిమిలో తమ పద్ధతిలో ఇనుము తీశారు. దన్నెమూరా ఖనిజంలో గంధకం, భాస్వరం చాలా తక్కువ. ఈ రెండూ ఎక్కువైతే ఇనుము సాగగొట్టేటప్పుడు చిట్లుతుంది, చల్లబడ్డాక పెళుసుగా విరుగుతుంది. కొయ్యబొగ్గుతో కరిగించడం వల్ల బొగ్గులోంచి కూడా గంధకం చేరేది కాదు. అందుకే ఇంగ్లండులోని షెఫీల్డ్ కత్తుల పనివారు తమ దేశంలో ఇనుము ఉండి కూడా స్వీడన్ కడ్డీల కోసం ఓడల దారి చూసేవారు. 1740ల్లో బెంజమిన్ హంట్స్‌మన్ షెఫీల్డ్‌లో మూసలో ఉక్కు కరిగించే పద్ధతి కనిపెట్టిన తరువాత కూడా, ఆ మూసల్లోకి వెళ్ళే ముడి సరుకు చాలాకాలం స్వీడన్ ఇనుమే. జర్మనీలోని జోలింగెన్‌లో తయారైన కత్తుల మీద సైతం ‘స్వీడన్ ఉక్కు’ అని గర్వంగా ముద్ర వేసుకునేవారు. వాలోనియా మనుషులు వచ్చి తీసిన ఇనుముతో చేసిన కత్తికి, వాలోనియా కొండలోంచి తవ్విన రాయితో పదును పెట్టడం ఫార్‌ఫార్‌కు ఏమీ వింతగా తోచలేదు. నాకు మాత్రం ఇప్పటికీ ఆ రాయిని నీళ్ళలో తడిపిన ప్రతిసారీ ఆ సంగతి గుర్తుకు వస్తుంది.

ఎస్కిల్‌స్తూనాకు నన్ను తీసుకువెళ్ళి రాడెమాకర్ కొలుములు చూపించింది కూడా ఆయనే. 1650ల్లో పదవ కార్ల్ గుస్తావ్ రాజు రీగా నుంచి రైన్‌హోల్డ్ రాడెమాకర్ అనే పనిమంతుణ్ణి రప్పించి, ఆ ఊళ్ళో కమ్మరుల కోసం వరుసగా ఇళ్ళు కట్టించాడు. ఎర్రరంగు వేసిన ఆ చెక్క ఇళ్ళు కొన్ని ఇప్పటికీ ఊరి నడుమ నిలిచి ఉన్నాయి. 1771లో మూడవ గుస్తావ్ కాలంలో ఆ కమ్మరుల పేటను స్వేచ్ఛానగరంగా ప్రకటించడంతో, వృత్తిసంఘాల కట్టుబాట్లు లేకుండా ఎవరైనా వచ్చి కొలిమి పెట్టుకోగలిగారు. తాళాలు, కత్తెరలు, ఉలులు, చాకులు, గడ్డం కత్తులు ఒకే ఊళ్ళో అంత విస్తారంగా తయారు కావడానికి మూలం అక్కడుంది.

మొదటి కత్తి కొన్న తరువాతి తొమ్మిదేళ్ళలో నా దగ్గర ఇరవైమూడు కత్తులు చేరాయి. సంతల్లో, చనిపోయినవారి ఇళ్ళ సామాన్ల వేలంలో, ఒకసారి ఒక వడ్రంగి పనిముట్ల పెట్టె అడుగున దొరికాయి. అన్నింటి గురించీ చెప్పను. అలమరలో పెట్టి చూసుకునే సేకరణ మీద నాకెన్నడూ ఇష్టం కలగలేదు. గడ్డం గీయని గడ్డం కత్తిని దాచుకోవడంలో అర్థం లేదని నా అభిప్రాయం.

కానీ యోహాన్ ఎంగ్‌స్త్రోమ్ అనే తయారీదారు కత్తి గురించి చెప్పాలి. మామూలు గడ్డం కత్తిలో వెన్నూ అలుగూ ఒకే ఉక్కు ముక్క. వాదరను పలచగా చేయాలంటే రెండు పక్కలా సానచక్రం మీద లోపలికి తొలవాలి. ఎంగ్‌స్త్రోమ్ కత్తిలో అలుగు వేరు, వెన్ను వేరు. దళసరి లోహపు వెన్నులో గాడి చేసి, కాగితంలాంటి పలచని ఉక్కు రేకును అందులో దూర్చి బిగిస్తారు. రేకు పలచన కనుక రాయి మీద అరగదీయవలసిన ఉక్కు తక్కువ, పదును త్వరగా పట్టుకుంటుంది. వెన్ను బరువు చేతికి నిలకడ ఇస్తుంది. దానిని మీటితే వచ్చే నాదం మిగిలిన ఏ కత్తికీ రాదు, సన్నాయి నోట్లో పెట్టుకునే ముందు పీకను ఊది చూసుకున్నప్పుడు వచ్చే పలుకులాగా పైస్థాయిలో ఉంటుంది. మా ఊరి పెద్దాయన ఆ కత్తిని వింటే ఏమనేవాడో అని చాలాసార్లు అనుకున్నాను.

నేను కొన్న మొదటి ఎంగ్‌స్త్రోమ్ మాత్రం పలకలేదు. ఒక అమ్మకందారు ఫొటోలు పంపి, ఏ లోపమూ లేదని హామీ ఇచ్చి, పోస్టులో పంపించాడు. విప్పి మీటగానే మూగచప్పుడు వచ్చింది. భూతద్దంలో చూస్తే అలుగుకు పిడి వైపు చివర, మడమ దగ్గర వాదర నుంచి పైకి, వెంట్రుకంత సన్నని బీట కనిపించింది. పలచని రేకు కనుక ఎప్పుడో ఎవరి చేతిలోనుంచో జారి పగిలి ఉంటుంది. బీటపడిన కత్తిని ముఖం మీద పెట్టడం ప్రమాదం. డబ్బు వెనక్కి రాలేదు. ఆ బాధ కన్నా, అంత మంచి పనితనం ఇక ఎప్పటికీ పనికి రాకుండా పోయిందన్న బాధ నాకు ఎక్కువ కాలం ఉండిపోయింది. రెండేళ్ళ తరువాత ఇంకొకటి దొరికింది, అది పలుకుతుంది.

ఇంకొక నష్టం పూర్తిగా నా చేతులారా జరిగింది. పాత పిడులు కొన్ని సెల్యులాయిడ్‌తో చేసినవి. ఆ పదార్థం వయసు మీరాక చెడిపోవడం మొదలైతే ఆమ్లపు ఆవిరిని విడుస్తుంది. తేనెరంగు సెల్యులాయిడ్ పిడి ఉన్న ఒక కత్తిని మిగిలిన నాలుగింటితో కలిపి మూత బిగించిన పెట్టెలో పెట్టి వేసవి సెలవులకు ఇండియా వచ్చాను. తిరిగి వెళ్ళి చూస్తే ఆ పిడికి ఎదురుగా ఉన్న అలుగులన్నింటి మీదా ఎర్రని మచ్చలు పడ్డాయి. అప్పటి నుంచి సెల్యులాయిడ్ పిడి కత్తులను విడిగా, గాలి ఆడే చోట పెడుతున్నాను. ఇలాంటి కత్తి ఎవరి ఇంట్లోనైనా ఉంటే ముందుగా ఆ పని చేయమని కోరుతున్నాను.

మొదటిసారి ఆ హెల్యెస్ట్రాండ్ కత్తితో గడ్డం గీసుకున్నది 2009 జనవరిలో. ఉదయం ఎనిమిది దాటినా బయట చీకటిగానే ఉంది. వేడినీళ్ళతో గడ్డం నానబెట్టి, కుంచెతో సబ్బు నురగ పట్టించి, తోలు పట్టీ మీద కత్తిని యాభైసార్లు లాగి, కుడి చెంప దగ్గర మొదలుపెట్టాను. అలుగును చర్మానికి సుమారు ముప్పై డిగ్రీల వంపులో పట్టాలి. ఎడమచేత్తో చర్మాన్ని పైకి బిగించి పట్టాలి. వెంట్రుకల వాలున, బరువు వేయకుండా, కత్తి తన బరువుతో తానే దిగేలా గీయాలి. చెంప మీద నాలుగు అంగుళాలు దిగేసరికి ఆ గరగర వినిపించింది. అద్దంలో నా ముఖం వైపు చూడడం మానేసి వింటూ ఉండిపోయాను. చుబుకం దగ్గరకు వచ్చేసరికి వంపు తప్పి రెండు చోట్ల తెగింది. కిందికి వెళితే ఫార్‌ఫార్ బీరువాలోంచి పటిక ముక్క తీసి ఇచ్చారు. పటికను వాళ్ళు ‘అలూన్’ అంటారు. మా ఊరి పొదిలో కూడా అదే ముక్క ఉండేది, అదే చల్లదనం, అదే మంట.

కత్తి బాగా పలుకుతున్నంతసేపూ పని సరిగా సాగుతుంది. వంపు ఎక్కువైతే గరగర బరువెక్కుతుంది, తక్కువైతే వెంట్రుక తెగకుండా లాగుడు పడి చప్పుడు ఆగి ఆగి వస్తుంది. పదును తగ్గిందని చేతికి తెలియడానికి రెండు రోజుల ముందే చెవికి తెలుస్తుంది. ఇది నేర్చుకోవడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. నేర్చుకున్నాక, అరుగు మీద కూర్చున్న ఆ పెద్దాయన తాతగారికి గడ్డం గీస్తున్నంతసేపూ ఎందుకు ఒక్క మాటా మాట్లాడేవాడు కాదో అర్థమైంది.

2014 శరదృతువులో ఫార్‌ఫార్ నన్ను పిలిచి తన తండ్రి కత్తిని చేతిలో పెట్టారు. ఇ.ఎ. బెర్గ్ కంపెనీ కత్తి అది. 1880లో ఎస్కిల్‌స్తూనాలోనే మొదలైన ఆ కంపెనీ గుర్తు సొరచేప. ముద్రలో ఆ చేప తోక సగం అరిగిపోయింది. వెన్నుకు రెండు పక్కలా, రాయి మీద ఆని ఆని, వేలి గోరులో సగం వెడల్పున చదునైన పట్టీ ఏర్పడింది. అది ఎన్ని వేలసార్లు నూరితే ఏర్పడుతుందో నాకు అప్పటికి తెలుసు. మెడ కింద బొటనవేలు ఆనే చోట ఉక్కు కొద్దిగా గుంటపడి మెరుస్తోంది. దానికి ఆయన ముందురోజే తన రాయి మీద పదును పెట్టి, నూనె రాసి, వార్తాపత్రికలో చుట్టి ఉంచారు. రాయిని కూడా తీసుకువెళ్ళమన్నారు. తన చేతులు ఇప్పుడు వణుకుతున్నాయని అన్నారు. మరుసటి ఏడు ఆయన పోయారు.

2017లో నేను మచిలీపట్నం వచ్చి స్థిరపడ్డాను. దంతపు పిడి ఉన్న రెండు కత్తులను, ఏనుగు దంతాన్ని అనుమతి పత్రాలు లేకుండా దేశాల హద్దులు దాటించడం చట్టవిరుద్ధం కనుక, ఫార్‌ఫార్ కూతురి దగ్గర వదిలేశాను. మిగిలినవాటిలో పన్నెండింటిని మిత్రులకు పంచి, తొమ్మిదింటిని సామాన్ల పెట్టెలో సర్దుకుని వచ్చాను. సముద్రపు గాలిలో ఆ ఉక్కు ఒక్క రాత్రిలో మచ్చ పడుతుంది. గీసుకోవడం అవగానే వేడినీళ్ళతో కడిగి, మెత్తని గుడ్డతో తుడిచి, పిడి లోపలి తడి కూడా ఆరేదాకా తెరిచి ఉంచి, కుట్టుమిషను నూనె ఒక చుక్క రాస్తాను. కొబ్బరినూనె మొదట్లో వాడి చూశాను, అది కొన్నాళ్ళకు జిగురుగా మారుతుంది, వద్దు.

బెర్గ్ కత్తిని మాత్రం ఆదివారాలే వాడుతూ వచ్చాను. తోలు మీద లాగడమే తప్ప రాయి మీద పెట్టలేదు. ఆ వాదర మీద ఉన్నది ఆయన చేతి పదును. రాయి మీద ఒక్కసారి పెడితే అది పోతుంది, నాది వస్తుంది. వారానికి ఒక్కసారే కనుక, తోలుతోనే కొన్నేళ్ళు నెట్టుకొచ్చాను. కానీ గత సంవత్సరం నుంచి గరగర తెగి తెగి రావడం మొదలైంది. అయినా నెలల తరబడి వాయిదా వేశాను.

మొన్న సంక్రాంతి వెళ్ళాక వచ్చిన శనివారం సాయంత్రం రాయిని నీళ్ళలో తడిపి, బల్ల మీద తడిగుడ్డ పరిచి దాని మీద పెట్టాను. వెన్నూ వాదరా రెండూ ఆనాయి. వెన్ను మీది ఆ చదునైన పట్టీ రాయికి అతుక్కున్నట్టు కూర్చుంది, నా చేతికి పెద్దగా పనే లేకపోయింది. ముందుకూ వెనక్కూ నూటపాతికసార్లు నడిపేసరికి రాయి మీది నీళ్ళు బూడిదరంగుకు తిరిగాయి. తలలోంచి ఒక వెంట్రుక పీకి దించి చూశాను, మొదటిసారి వంగింది. ఇంకొక ముప్పైసార్లు, చేతి బరువు పూర్తిగా తీసేసి నడిపాను. తెగింది.

మరునాడు ఉదయం నురగ పట్టించుకుని, కిటికీ మూసి, ఫ్యాను ఆపేసి, కుడి చెంప మీద కత్తి ఆనించి కిందికి దించాను. ఫ్యాను రెక్కలు పూర్తిగా నిలిచాక గదిలో ఆ చప్పుడు ఒక్కటే మిగిలింది.